చుక్క పెట్టిన మలుపులు

పోయినవారం రొట్టెలక్కని ఎక్కడ నిలబెట్టి వచ్చామో గుర్తుందిగా? మూతపడిన సిమెంటు ఫ్యాక్టరీ ఆవరణలో, ర్యాలీ కార్లన్నీ కాసేపు ఆగి బోల్టులు బిగించుకునే సర్వీస్ పార్కులో, చెవికి ఫోను ఆనించుకుని కొయ్యబారి నిలబడి ఉంది. ముందు చక్రం దగ్గర టకటకమనే చప్పుడేదో వస్తోందని, దాన్ని కారు రిపేర్లు చూసే మేనమామకి వినిపిద్దామని, మొన్న రెక్కీ తిరిగేటప్పుడు ఫోనులో రికార్డింగు పెట్టింది. పెట్టి, ఆపడం మరిచిపోయింది. ఇప్పుడు ఆ చప్పుడు కోసం వెతుకుతుంటే తన గొంతే తనకి వినపడింది. "నీళ్ళ ట్యాంకు దాటాక కుడి ఐదు" అంటోంది ఆ గొంతు. ఇవాళ పొద్దున అదే రోడ్డు మీద, అదే ట్యాంకు దగ్గర, పక్క సీట్లోంచి తమ్ముడు చదివింది మాత్రం "కుడి నాలుగు" అని.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. పోటీకి రెండు రోజుల ముందు ఆ రోడ్డు మీద మెల్లగా తిరగనిస్తారు. అదే రెక్కీ. డ్రైవరు ఒక్కో మలుపు చూసి ఒక అంకె చెబుతుంది. ఒకటంటే దాదాపు వెనక్కి తిరగాల్సిన మలుపు, ఆరంటే యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీయక్కర్లేనిది. పక్కనున్న నావిగేటర్ అవన్నీ పుస్తకంలో రాసుకుని, పోటీ రోజున, దుమ్ములో ముందేముందో కనపడని వేగంలో, ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తాడు. డ్రైవరు కళ్ళతో కాదు, ఆ గొంతుతో నడుపుతుంది. నావిగేటర్‌కి ఉండాల్సింది నోరు. సొంత బుర్ర ఇంటి దగ్గర పెట్టి రావాలి. డ్రైవరు చెప్పిన అంకెని మార్చే హక్కు అతనికి లేదు, దేవుడికీ లేదు.

రొట్టెలక్క ఫోను జేబులో పెట్టుకుంది. ఆమెకి ముప్ఫై నాలుగేళ్ళు. తెల్లారకముందే బేకరీ వ్యాను నడిపి ఊరంతా రొట్టెలు దింపే మనిషి కాబట్టి ర్యాలీ జనం పెట్టిన పేరది. ఆమె కారు మీద కూడా వాళ్ళకి వేళాకోళమే. పధ్నాలుగేళ్ళ కిందటి చిన్న కారు, డ్రైవింగ్ స్కూలు వాళ్ళు వాడి వాడి వదిలించుకున్నది. ఒక తలుపు నీలం, ఒకటి తెలుపు, బానెట్ ఏ కారుదో మేనమామకే తెలియాలి. పల్టీ కొట్టినా మనిషిని కాపాడే లోపలి ఇనుప పంజరం మాత్రం ఆయనే స్వయంగా వెల్డింగ్ చేశాడు. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని సుత్తితో కొట్టి చూసి, తన సుత్తికేమైనా అయిందేమోనని చూసుకున్నాడు.

తమ్ముడు స్పేర్ టైరు మీద కూర్చుని బిస్కెట్ నములుతూ టైం కార్డు నింపుకుంటున్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం అతనిది. ఎవరి తప్పైనా పదడుగుల దూరం నుంచే పట్టేస్తాడని పేరు. అతన్ని అందరూ "ప్రూఫు" అంటారు.

"పుస్తకం ఇలా ఇవ్వు" అంది రొట్టెలక్క.

"ఎందుకక్కా? నా రాత నీకు అర్థం కాదుగా."

"అంకెలు అర్థమవుతాయిలే. ఇవ్వు."

ఇచ్చాడు. నిజంగానే ఆ రాత కొక్కేలు, గీతలు, బాణాలతో చీమలు కొట్లాడుకున్నట్టు ఉంటుంది. నాలుగేళ్ళలో ఆమె ఎప్పుడూ దాని జోలికి పోలేదు. పోవాల్సిన అవసరం ఏముంది, చదవడానికి తమ్ముడున్నాడుగా. ఇప్పుడు పేజీలు తిప్పి నీళ్ళ ట్యాంకు బొమ్మ గీసిన చోటు పట్టుకుంది. పక్కన నాలుగంకె. నాలుగంకె కింద పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క.

మరో పేజీ తిప్పింది. ఎడమ మూడు. దానికింద చుక్క లేదు. ఆ తర్వాత కుడి ఐదు, చుక్క. ఎడమ నాలుగు, చుక్క. ఆమె ఫోను తీసి రికార్డింగు మళ్ళీ పెట్టింది. చుక్క లేని ప్రతిచోటా ఫోనూ పుస్తకమూ ఒకటే మాట చెబుతున్నాయి. చుక్క ఉన్న ప్రతిచోటా ఫోనులో ఒక అంకె ఎక్కువ.

"ఈ చుక్కలేమిటిరా?"

తమ్ముడు నమలడం ఆపాడు. చుక్క వైపు చూశాడు, తర్వాత అక్క బూట్ల వైపు చూశాడు.

వృత్తి మనిషిని ఎంత వెర్రిబాగులవాణ్ణి చేస్తుందో చూడండి. పదకొండేళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి అది. ఒక్క అక్షరం మార్చినా గుర్తు పెట్టకుండా ముందుకి కదలదు. దొంగతనానికి వెళ్ళి కూడా రసీదు రాసిపెట్టి వచ్చే రకం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఈ ఇంటిదొంగ తనని పట్టుకోవడానికి కావలసిన సాక్ష్యమంతా తనే పెన్సిలుతో తయారుచేసి, నాలుగేళ్ళుగా అక్క పక్కనే మోసుకు తిరుగుతున్నాడు.

రొట్టెలక్క అతని సంచీ లాక్కుని బోర్లించింది. పాత పుస్తకాలు నేల మీద పడ్డాయి. పదకొండు. ఒక్కొక్కటీ తీసి చూసింది. మొదటి పుస్తకంలో చుక్కల్లేవు. రెండో దానిలో ఆరు. మూడో దాని నుంచి ఇక లెక్కపెట్టడం మానేసింది. నిరుడు చివరి స్టేజి, అంటే గడియారం పెట్టి పరిగెత్తించే ఆఖరి రోడ్డు ముక్క, దాని పుస్తకం మాత్రం వేలు పెట్టి మరీ లెక్కపెట్టింది. ఇరవై ఏడు.

నిరుడు ఆ స్టేజిలో ఆమె ఒకటి పాయింటు ఒకటి సెకను తేడాతో ఓడిపోయింది.

ఆ ఓటమి తర్వాత మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగింటికి లేచి, వ్యాను వెనక ట్రేలు నిండుగా ఉండగానే ఖాళీ రోడ్ల మీద మలుపులు సాధన చేసింది. ట్రేలు జరగకూడదు, రొట్టె నలగకూడదు, వేగం తగ్గకూడదు. ఎన్ని చేసినా పోటీలో ఆ చివరి సెకను దొరికేది కాదు. నాలోనే ఏదో పిరికితనం ఉంది, కాలు దానంతటదే వెనక్కి వస్తోంది అనుకుని వ్యాను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి. అలాంటి రోజుల్లో ఈ తమ్ముడే పక్కన కూర్చుని భుజం తట్టేవాడు. "కారు ముసలిదక్కా, నీ తప్పేం లేదు" అనేవాడు. ఆ భుజం ఇప్పుడు కాలినట్టు మండింది ఆమెకి.

"నాలుగేళ్ళు" అంది. 

"అక్కా, అమ్మే చెప్పింది" అన్నాడు తమ్ముడు. "అక్కని జాగ్రత్తగా తీసుకురారా, వేగం కాస్త తగ్గేట్టు చూడు అని..."

"మా అక్క నా ఎదురుగానే చెప్పింది" అంటూ కారు కిందనుంచి మేనమామ గొంతు వినపడింది. రెండు బూట్లు తప్ప ఆయన బయటికి కనపడటం లేదు. "ఆవిడ చెప్పింది బెల్టు గట్టిగా పెట్టుకోమని. అంకెల సంగతి ఆవిడకేం తెలుసురా అల్లుడూ? ఎడమేదో కుడేదో తెలియని మనిషి మీ అమ్మ. ఆ స్పానర్ ఇటివ్వు ఎవరైనా."

స్పానర్ ఎవరూ ఇవ్వలేదు. ఆయనే విసుక్కుంటూ బయటికి పాకి వచ్చి, తీసుకుని, మళ్ళీ లోపలికి పాకాడు.

"మరొకటి చెప్పు" అంది రొట్టెలక్క.

"మొదటి ఏడాది మనం గోతిలో పల్టీ కొట్టాం గుర్తుందా? నా కాలర్ ఎముక విరిగింది. నువ్వు చెప్పిన అంకె తప్పక్కా అప్పుడు. మూడుని ఐదన్నావు. ఆ తర్వాత నాకు భయమేసింది. అనుమానం వచ్చిన చోట ఒకటి తగ్గించి చదివాను. నీ కోసమే."

"సరే. అది మొదటి ఏడాది. అప్పుడు ఆరు చుక్కలు. ఇవాళ్టి పుస్తకంలో ఎన్ని?"

 ఆమె అప్పటికే లెక్కపెట్టేసింది. నలభై ఒకటి.

"భయం ఏడాదికేడాది పెరుగుతుందా? పళ్ళు వచ్చినట్టు వస్తుందా? నేను గెలిచేంత దగ్గరికి వచ్చేకొద్దీ నీ చుక్కలు పెరిగాయి. నిజం చెప్పు."

పక్క గుడారంలో పళ్ళ డాక్టరు నీళ్ళ సీసా నోటి దగ్గర పెట్టుకుని తాగడం మరిచిపోయాడు. ప్రస్తుతం ఈ చిన్న కార్ల తరగతిలో మొదటి స్థానం ఆయనదే. కొత్త కారు, కొత్త టైర్లు, నావిగేటర్ సీట్లో ఆయన భార్య. రొట్టెలక్క ఆయనకంటే నాలుగున్నర సెకన్లు వెనకుంది. మిగిలింది ఒకే ఒక్క స్టేజి, పొద్దున నడిపిన పద్దెనిమిది కిలోమీటర్లే మళ్ళీ. ఆ నాలుగున్నర సెకన్లు లాగేస్తే టైర్ల షాపు యజమాని వచ్చే ఏడాదంతా తన జట్టు కారు ఇస్తానన్నాడు. అసలైన కారు, అసలైన జట్టు. లాగలేకపోతే మళ్ళీ రొట్టెల వ్యాను, మళ్ళీ ఈ మూడు రంగుల ముసలిది. ఈ వయసులో అలాంటి పిలుపు రెండోసారి రాదని ఆమెకి బాగా తెలుసు.

"నువ్వు గెలిస్తే నన్నెందుకు ఉంచుకుంటావు?" అన్నాడు తమ్ముడు చివరికి. గొంతు చాలా మామూలుగా ఉంది. "ప్రెస్సులో నేను చెప్పేది ఎవడూ వినడు. ఇంట్లో వినే మనిషి లేదు, వెళ్ళిపోయింది. ఈ కార్లో కూర్చున్న పదిహేను నిమిషాలు మాత్రం నేను ఎడమంటే ఒక మనిషి ఎడమకి తిప్పుతుంది. కుడంటే కుడికి తిప్పుతుంది. అది పోతే నాకేం మిగులుతుందక్కా?"

ఇంకో అక్కైతే ఈ మాటకి కరిగేదేమో. రొట్టెలక్క కరగలేదు. ఆమెకి కనపడింది తమ్ముడి బాధ కాదు, నిరుటి ఒకటి పాయింటు ఒకటి సెకను.

"నీ పెళ్ళాం ఎందుకు వెళ్ళిపోయిందో ఇన్నాళ్ళూ నాకు అర్థం కాలేదురా" అంది. "ఆవిడ అన్నవాటిని కూడా ఒక్కో అంకె తగ్గించి రాసుకుని ఉంటావు."

పళ్ళ డాక్టరు భార్య "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. 

అక్కడితో ఆగిందా? ఆగితే మనకి ఈ కథ ఎందుకు.

"ఇంకోటి కూడా విను. టైర్లాయనకి నేను ఎనిమిది రోజుల కిందటే మాటిచ్చేశాను. వాళ్ళ నావిగేటర్ వాళ్ళకుంది. నువ్వు అక్కర్లేదన్నారు. నేను సరేనన్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు."

ఈ సంగతి పోయినవారం చదివిన పాఠకులకి ముందే తెలుసు. తమ్ముడికి తెలియదు. అతను అక్క మొహంలోకి చూశాడు. ప్రూఫులో తప్పు దొరికినప్పుడు మాత్రమే అతని పెదాల మీద కనిపించే చిన్న నవ్వు ఒకటి వచ్చింది.

"మరి నేను తప్పేం అనుకున్నాను?" అన్నాడు.

 జవాబు లేనప్పుడు మనుషులు గొంతు పెంచుతారు, రొట్టెలక్క కూడా అదే చేసింది. ఏమేం అందో ఇక్కడ రాయడం బాగుండదు. సంపాదకుడు ఎలాగూ కొట్టేస్తాడు.

మేనమామ కారు కిందనుంచి పూర్తిగా బయటికొచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ గడియారం చూశాడు.

"కొట్టుకోవాలంటే ఇంటికెళ్ళాక బోలెడు టైముంది. ఇక్కడ పన్నెండు నిమిషాలుంది. నిమిషం ఆలస్యమైతే పది సెకన్లు జరిమానా. ఒసేయ్ అమ్మాయ్, నలభై ఒక్క చుక్కలన్నావు. చుక్కకి పావు సెకను వేసుకో. ఎంతయింది?"

రొట్టెలక్క నోట్లోనే లెక్క వేసుకుంది. పది సెకన్లకి పైనే.

"నీకు కావల్సింది నాలుగున్నర. మీ తమ్ముణ్ణి రేపు చంపు. ఇవాళ వాడి నోరు కావాలి. మనిషిని మార్చడానికి రూలు ఒప్పుకోదు. ఈ చీమల రాత మన వంశంలో ఇంకెవడికీ రాదు." ఆయన తమ్ముడి ఒళ్ళో ఎర్ర పెన్ను పడేశాడు. "దిద్దరా. అదేగా నీ పని."

దిద్దించడంలో కూడా రొట్టెలక్క మెత్తబడలేదు. కారు పక్కన, అందరూ చూస్తుండగా నిలబెట్టింది. ఒక్కో చుక్క దగ్గరా అతను తను రాసింది పైకి చదవాలి. ఆమె అసలు అంకె చెబుతుంది. అతను ఆ అంకెని తిరిగి చెప్పి, పాతది కొట్టేసి, కొత్తది రాయాలి.

"కుడి నాలుగు."

"ఐదు."

"ఐదు" అన్నాడు తమ్ముడు రాసుకుంటూ.

"గట్టిగా. దుమ్ములో నాకు వినపడేట్టు."

"ఐదు!"

పక్క గుడారాల వాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. పని ఉన్నవాళ్ళు పని మానేసి, లేనివాళ్ళు పని ఉన్నట్టు నటిస్తూ వచ్చారు. "మా నావిగేటర్ ఇంటావిడే కాబట్టి బతికిపోయాను. మార్చాలనుకుంటే మొహం మీదే చెప్పి మారుస్తుంది" అన్నాడు పళ్ళ డాక్టరు. నలుగురు నవ్వారు. ఇరవయ్యో చుక్క దగ్గర తమ్ముడి గొంతు బొంగురుపోయింది. ముప్ఫయ్యో దాని దగ్గర ఎవరో ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టారు. రొట్టెలక్క వద్దనలేదు. తీసుకోనీ, నాలుగేళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారుగా, ఇవాళ వీణ్ణి చూసి నవ్వుకోనీ అనుకుంది. అలా అనుకున్నప్పుడు ఆమెకి కలిగిన సుఖం నిజమైన సుఖమే. దాచి లాభం లేదు.

నలభై ఒకటీ అయ్యాక మేనమామ పుస్తకం తీసుకుని, ఒక్కో చుక్క పక్కన ఎర్ర అంకె ఉందో లేదో వేలు పెట్టి చూశాడు. ఉన్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తలాడించి తమ్ముడికి ఇచ్చేశాడు.

"దాహంగా ఉంది, నీళ్ళు తాగొస్తాను" అన్నాడు తమ్ముడు. పుస్తకం చంకలో పెట్టుకునే వెళ్ళాడు. నావిగేటర్ పుస్తకం లేకుండా ఎక్కడికీ వెళ్ళడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చున్నాడు.

అప్పుడే టైర్ల షాపు యజమాని చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. మనిషి చాలా మర్యాదస్తుడు, ఎవర్ని అవమానించినా నవ్వుతూనే అవమానిస్తాడు.

"ఏదో గొడవ విన్నానమ్మా. ఏమీ లేదుగా?"

"ఏమీ లేద్సార్."

"మంచిది. నేను స్టార్టు దగ్గరే నిలబడి చూస్తాను." వంగి కిటికీలోంచి తమ్ముణ్ణి చూశాడు. "మా జట్టు నావిగేటర్ కూడా వచ్చింది బాబూ. అయిపోయాక నీ నోట్స్ పద్ధతి కాస్త తనకి చెప్పి పెట్టు. ఇక నీకెలాగూ పనుండదుగా."

"తప్పకుండా సార్" అన్నాడు తమ్ముడు.

నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకి మూడు రంగుల కారు స్టార్టు గీత మీదికి వచ్చింది. ముందు వెళ్ళిన పళ్ళ డాక్టరు లేపిన దుమ్ము ఇంకా దిగలేదు. రోడ్డు పక్కన జెండా అధికారి, ఆయన వెనక టైర్లాయన, టైర్లాయన పక్కన పొడుగ్గా ఒకమ్మాయి. చేతిలో కొత్త హెల్మెట్. ఆ వచ్చిన నావిగేటర్ ఆమే అయ్యుంటుంది. రొట్టెలక్క కళ్ళు ఒక్క క్షణం ఆ హెల్మెట్ మీద నిలిచాయి.

అధికారి ముప్ఫై సెకన్ల పలక చూపించాడు.

"అక్కా." హెల్మెట్‌లోని ఇంటర్‌కమ్‌లో తమ్ముడి గొంతు. ఆ తీగలో మాట్లాడింది లోకంలో ఇద్దరికే వినపడుతుంది.

"మొదటి పేజీ తియ్యి."

"తీశాను. నలభై ఒకటీ దిద్దాను, మామయ్య కూడా చూశాడుగా. ఆ తర్వాత నలభై రెండోది ఒకటి దిద్దాను. నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు."

రొట్టెలక్క చెయ్యి గేరు మీద ఆగిపోయింది.

"ఏం దిద్దావు?"

"ఒక్క మలుపుకి నువ్వు చెప్పినదానికంటే ఎక్కువ రాశాను. ఒక్కటే. దానికి చుక్క పెట్టలేదు."

"ఏది?"

అతను పేజీ అంచు సరిచేసుకున్నాడు.

"ఏదిరా?" ఆమె చెయ్యి పుస్తకం మీదికి వెళ్ళింది. బెల్టులు భుజాల్ని సీటుకి కట్టేశాయి, వేళ్ళు జానెడు దూరంలో ఆగిపోయాయి. తమ్ముడు పుస్తకాన్ని తలుపు వైపుకి జరుపుకున్నాడు.

"ఇరవై" అన్నాడు, స్టార్టుకి మిగిలిన సెకన్లు చెప్పే తన డ్యూటీ ప్రకారం.

"నువ్వూ ఇదే కార్లో ఉన్నావు. మతి ఉందా?"

"ఉన్నాను. తెలుసు."

"అబద్ధం. నన్ను భయపెడుతున్నావు."

"అయ్యుండొచ్చు."

"ఇప్పుడే కారు పక్కకి లాగేస్తాను."

"లాగు. వాళ్ళందరూ చూస్తున్నారు. పదిహేను."

లాగవచ్చు. చెయ్యెత్తి అధికారికి చూపిస్తే చాలు, ప్రాణాలు దక్కుతాయి. టైర్లాయన నవ్వి, "పరవాలేదమ్మా" అని, పొడుగమ్మాయిని తీసుకుని వెళ్ళిపోతాడు. రేపు నాలుగింటికి రొట్టెల వ్యాను. ఆమె చెయ్యి స్టీరింగు మీదనుంచి లేవలేదు.

"నాలుగేళ్ళు నీ కాలు నేను తీయించానన్నావుగా" అన్నాడు తమ్ముడు. కోపం లేదు, కసీ లేదు. టైం కార్డు చదువుతున్నట్టు చెప్పాడు. "ఇవాళ తీయాలో వద్దో నువ్వే చూసుకో. దిగాక ఆ సెకన్లు నావో నీవో తేలిపోతుంది. పది."

అధికారి అయిదు వేళ్ళు ఎత్తాడు. ఒక్కో వేలూ ముడుచుకుంటోంది.

 పద్దెనిమిది కిలోమీటర్లు. నూట అరవై చిల్లర మలుపులు. రెండు రోజుల కింద తను ఏది ఐదంది, ఏది ఆరంది? నీళ్ళ ట్యాంకు తప్ప ఒక్కటీ గుర్తు రావడం లేదు.

చివరి వేలు ముడుచుకుంది. పచ్చలైటు పడింది. ముసలి కారు రాళ్ళు చిమ్ముకుంటూ దూకింది.

"వంద. కుడి ఆరు" అన్నాడు తమ్ముడు.

వందంటే మలుపు వంద మీటర్ల దూరంలో ఉందని, ఆరంటే కాలు తీయక్కర్లేదని. మూడో గేరు, నాలుగో గేరు. మలుపు దగ్గరికొచ్చింది. ఆమె నొక్కే ఉంచాలనుకుంది. కాలు వినలేదు, దానంతటదే లేచిపోయింది. కారు బద్ధకంగా మలుపులోకి వెళ్ళింది. తీరా చూస్తే ముందు రోడ్డు తిన్నగా, విశాలంగా, ఏ ప్రమాదమూ లేకుండా పడి ఉంది. అది నిజంగానే ఆరు. అర సెకను పోయింది. ఈ అర సెకను ఎవరి ఖాతాలో రాయాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తమ్ముడు తల ఎత్తలేదు. పేజీ తిప్పాడు.

"ఎనభై. గుట్ట మీద ఎడమ ఐదు."

ఎదురుగా గుట్ట. గుట్ట మీద ఆకాశం తప్ప ఏమీ కనపడటం లేదు. మలుపు ఆ ఆకాశానికి అవతలెక్కడో ఉంది. పళ్ళు బిగించి, కాలుని నేలకి తొక్కిపట్టింది. గుట్ట ఎక్కుతుండగా పక్కన ఏదో కదిలినట్టయి కంటి చివరనుంచి చూసింది. తమ్ముడు పుస్తకం మీదనుంచి ఒక చెయ్యి తీసి తలుపు పక్కన ఇనుప కడ్డీని పట్టుకున్నాడు. నాలుగేళ్ళలో, గోతిలో పల్టీ కొట్టిన రోజున కూడా, అతను ఆ కడ్డీ పట్టుకోలేదు.

రొట్టెలక్క కాలు తీయలేదు.